నీరు నిలవని నేల మీద వంట: జేజు ద్వీపపు భోజనం

కొరియా ద్వీపకల్పానికి దక్షిణాన సముద్రంలో ఉన్న జేజు ద్వీపంలో వానలకు కొదవ లేదు. నడుమ 1,947 మీటర్ల ఎత్తున లేచిన హల్లాసాన్ అగ్నిపర్వతం మేఘాలను అడ్డగించడంతో, దక్షిణ కొరియాలో అధిక వర్షపాతం ఉన్న ప్రాంతాల్లో అదీ ఒకటి. అంత వాన కురుస్తున్నా అక్కడి రైతుకు వరిమడి అరుదైన ఆస్తి. ద్వీపంలో చాలాభాగం లావా చల్లారి ఏర్పడిన బసాల్టు రాయి కావడంతో, దాని బీటల్లోంచి, రంధ్రాల్లోంచి నీరు ఇట్టే లోపలికి ఇంకిపోతుంది. చాలా వాగులు పెద్ద వాన పడినప్పుడే పారతాయి. ఇంకిన నీరు భూమి అడుగున ప్రయాణించి తీరం దగ్గర ఊటలుగా పైకి వస్తుంది కాబట్టి పాత ఊళ్లు ఎక్కువగా ఆ ఊటల చుట్టూనే వెలిశాయి. మడిలో నీరు నిలవని చోట వరి అన్నం పండుగకో, పితృకార్యానికో మాత్రమే పళ్లెంలోకి వచ్చేది. జేజు సంప్రదాయ వంటల్లో దేని మూలాలు వెతికినా దాదాపుగా ఈ రాతి దగ్గరికే చేరతామని నాకనిపిస్తుంది.

వరి లేని లోటును బార్లీ, కొర్రలు, బక్‌వీట్ (కుట్టు) తీర్చాయి. మనం కొర్రలు అనే పంటే అక్కడిదీ. అయితే జేజు రైతులు అందులో జిగురు రకాన్ని ప్రత్యేకంగా పండించారు. గింజలోని పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల అణువులుంటాయి. ఒక జన్యువు పనిచేయకపోవడం వల్ల అమైలోజ్ దాదాపు లేకుండా పోయిన గింజ ఉడికితే బంకలా సాగుతుంది. తూర్పు, ఆగ్నేయాసియా రైతులు ఆ గుణాన్ని ఏరికోరి నిలబెట్టుకున్నారు. మన కొర్రల్లో అది సాధారణంగా ఉండదు కనుకనే కొర్రన్నం పొడిపొడిగా వస్తుంది. జిగురు కొర్రల పిండిని వేడినీళ్లతో కలిపి, మధ్యలో చిల్లు పెట్టి, మరిగే నీళ్లలో ఉడికిస్తే ఒమెగి-తొక్ తయారవుతుంది. బరువైన ముద్దలో వేడి నడిమికి చేరడానికి చాలాసేపు పడుతుంది. చిల్లు ఉంటే లోపలి వైపునుంచి కూడా ఉడుకుతుంది. ఉడికిన బిళ్లలను మెదిపి, బూజు పట్టించిన ధాన్యపు ముద్ద అయిన నూరుక్‌ను కలిపి పులియబెడితే ఒమెగి-సుల్ అనే కల్లు, దాన్ని గోసోరి అనే మట్టి బట్టీలో కాస్తే గోసోరి-సుల్ అనే సారా వస్తాయి. ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతున్న, మాచిపత్రి జాతి ఆకు కలిపి ఎర్ర చిక్కుడు గింజలు అద్దిన ఒమెగి-తొక్‌కు ఈ పాత బిళ్లతో పేరు తప్ప పెద్ద పోలిక లేదు.

వేసవిలో పాడవబోతున్న బార్లీ అన్నాన్ని కూడా వాళ్లు పారేసేవారు కాదు. అందులో నూరుక్ కలిపి కొద్ది రోజులు ఉంచితే, బూజులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి, లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని పులుపెక్కిస్తుంది, ఆ పులుపు చెడ్డ సూక్ష్మజీవులను ఎదగనివ్వదు. ష్విందారి అనే ఈ పానీయం మన తరవాణికి చుట్టమే, కాకపోతే కాస్త తీపి ఎక్కువ.

ఇక నేల సంగతి. అగ్నిపర్వత బూడిదతో ఏర్పడిన నల్లమట్టి చూడటానికి సారవంతంగా ఉంటుంది గానీ, అందులోని అల్యూమినియం, ఇనుము సమ్మేళనాలు భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుని మొక్క వేళ్లకు అందనివ్వవు. పైగా మట్టి తేలిక, గాలి బలం ఎక్కువ. అందుకే కొర్రలు చల్లిన తర్వాత గుర్రాలతోనో పశువులతోనో పొలాన్ని తొక్కించేవారు. భాస్వరం లోటు తీర్చే పని పందులది. పెరట్లో నల్లరాతి గోడ కట్టి, ఒక మూలన ఎత్తులో రాతి పలకలు పరిచి మరుగుదొడ్డి, కింద పందుల దొడ్డి ఉండేలా ఏర్పాటు చేసుకునేవారు. మనిషి మలం, వంటింటి తుక్కు పంది ఆహారం. దొడ్డిలో పరచిన బార్లీ గడ్డిని అది తొక్కితొక్కి ఎరువుగా మార్చేది. ఆ ఎరువు మళ్లీ బార్లీ పొలానికి వెళ్లేది. ఈ ఏర్పాటును ఇప్పుడు పర్యావరణ వివేకంగా పొగిడేవాళ్లు ఉన్నారు. అయితే పంది మాంసం ద్వారా వ్యాపించే బద్దెపురుగు జబ్బు ఒకప్పుడు ఈ ద్వీపంలో ఎక్కువగా ఉండేదన్నది కూడా మరచిపోకూడదు. ఆ దొడ్లు కాలగర్భంలో కలిసిపోవడం మంచికే జరిగింది. జేజు నల్లపందిని 2015లో కొరియా ప్రభుత్వం సహజ స్మారకంగా ప్రకటించి రక్షిస్తోంది. పర్యాటకుల పళ్లెంలోకి వచ్చేది ఆ రక్షిత మందలోది కాదు, సంకర జాతులది.

ఎరువు కోసం పెంచిన పంది పెళ్లికో, చావుకో మాత్రమే కోతకు వచ్చేది. ఊరంతా వచ్చే ఆ విందులో మాంసం కోయడానికి దోగామ్ అనే పెద్దమనిషి ఉండేవాడు. మనిషికి మూడు పలుచటి ముక్కల చొప్పున, ఎవరికీ ఎక్కువ తక్కువలు రాకుండా పంచడం ఆయన బాధ్యత. మాంసం అంత లెక్కగా వడ్డించాక మిగిలిన ఎముకలు, తల, పేగులు ఉడికిన నీటితోనే అందరి కడుపూ నింపాలి. అలా పుట్టినదే మోమ్‌గుక్. ఆ చారులో, శీతకాలం చివర సముద్రంలోంచి తెచ్చి ఎండబెట్టిన గోధుమరంగు నాచును నానబెట్టి, తరిగి వేస్తారు. చివర్లో బక్‌వీట్ పిండిని నీళ్లలో కలిపి పోసి చిక్కబరుస్తారు. ఎముకల్లోని కొల్లాజెన్ గంటల తరబడి మరిగి జెలటిన్‌గా కరుగుతుంది, నాచులోని ఆల్జినేట్ నీటిని పట్టి ఉంచుతుంది, ఉబ్బిన పిండి రేణువులు కొవ్వు బొట్లను ఒకచోట చేరనివ్వవు. అందుకే అంత కొవ్వున్నా పైన నూనె తేలదు. చిక్కటి ద్రవంలో వేడి పైకీ కిందికీ సులభంగా తిరగలేదు కాబట్టి గాలి హోరెత్తే పెరట్లో వడ్డించినా గిన్నె త్వరగా చల్లారదు. జేజు వంటల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఇదే.

బక్‌వీట్ అంటే ఉత్తరాదిలో ఉపవాసాలకు వాడే కుట్టు. గడ్డి జాతి ధాన్యం కాదు. చుక్కకూర కుటుంబపు మొక్క. రెండున్నర మూడు నెలల్లో చేతికొస్తుంది, పేలవమైన నేలలోనూ బతుకుతుంది. వ్యవసాయ దేవత జాచొంగ్బి స్వర్గం నుంచి విత్తనాలు తెస్తూ దీన్ని మరచి, మళ్లీ వెళ్లి తెచ్చిందని, అందుకే మిగతా పంటల తర్వాత విత్తుతారని జేజు పురాగాథ చెబుతుంది. ఈ పిండిలో గ్లూటెన్ లేదు. అట్టు నిలబడాలంటే పిండిపదార్థమే పట్టు ఇవ్వాలి. పంది కొవ్వు రాసిన పెనం మీద జావలాంటి పిండిని పలుచగా పరిచి, రంగు మారకముందే తీసి, ఉడికించి నీరు వార్చిన ముల్లంగి తురుమును ఉప్పు, నువ్వులు, ఉల్లికాడలతో కలిపి మధ్యలో పెట్టి చుడితే బింగ్‌తొక్. మొదటి కాటుకు దాదాపు రుచే తెలియదు. రెండో మూడో కాటుకు ముల్లంగి తీపి బయటపడుతుంది. బక్‌వీట్ అరగదని, ముల్లంగిలోని ఎంజైములు దాన్ని అరిగిస్తాయని తరచూ చెబుతుంటారు. బక్‌వీట్‌లో ప్రొటీన్ల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలున్న మాట నిజమే. అయితే పిండిని అరిగించే ముల్లంగి ఎంజైము ఉడికితే నశిస్తుంది కనుక, ఈ వంటకం విషయంలో ఆ వివరణ నిలవదు. పొడిగా ఉండే అట్టుకు ముల్లంగి తడినిస్తుందన్న కారణమే చాలు.

ఏప్రిల్లో పడే వానలకు హల్లాసాన్ దిగువ పచ్చికల్లో గోసారి అనే బ్రాకెన్ ఫెర్న్ చిగుళ్లు పిడికిలి ముడిచినట్టు లేస్తాయి. ఇందులో టాకిలోసైడ్ అనే క్యాన్సర్ కారకం, బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉన్నాయి. పచ్చిగా మేసిన పశువులకు జబ్బులు వస్తాయి. చిగుళ్లను ఉడికించి, ఆ నీరు పారబోసి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి వండటం అక్కడి పద్ధతి. వేడికి ఎంజైము చెడుతుంది, నీటిలో కరిగే విషం చాలావరకు బయటికి పోతుంది. పూర్తిగా పోతుందని చెప్పలేం కాబట్టి రోజూ తినే కూర కాదనుకోవడం మేలు. పంది మాంసంతో కలిపి పీచులుగా విడిపోయేదాకా ఉడికించి, ఇక్కడా బక్‌వీట్ పిండితోనే చిక్కబరిస్తే గోసారి యుక్‌గెజాంగ్ అవుతుంది. కొరియాలో మిగతాచోట్ల ఈ పేరుతో దొరికే ఎర్రటి కారపు పులుసులా కాకుండా, ఇది మట్టిరంగులో, చిక్కటి జావలా ఉంటుంది.

సముద్రపు తిండి విషయంలో జేజు వంట మసాలాలకు దూరం. ఊపిరి బిగబట్టి మునిగే హెన్యొ స్త్రీలు తెచ్చే సముద్రపు ముళ్లకాయల (సీ అర్చిన్ అనే గుండ్రటి ముళ్ల జీవుల) గుడ్లను, లేత నాచును నీళ్లలో మరిగిస్తే చారు సిద్ధం. రిబ్బన్ చేపను గుమ్మడికాయ, క్యాబేజీలతో నీళ్లచారుగా వండుతారు. ఇది ఆ పూట పట్టిన చేపకే కుదురుతుంది, ఎందుకంటే చేప చచ్చాక బ్యాక్టీరియా దాని కండలోని ఒక పదార్థాన్ని నీచు వాసన వేసే ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది, పలుచటి చారులో ఆ వాసన దాగదు. వేసవిలో అరచేతికి మించని జారి చేపను ముళ్లతో సహా సన్నగా తరిగి, సోయా ముద్ద, వెనిగర్ కలిపిన చల్లటి నీళ్లలో వేసుకుని తింటారు. వెనిగర్ ఆమ్లం ట్రైమిథైలమీన్‌ను ఆవిరి కాని లవణంగా మార్చి వాసనను అణిచేస్తుంది. దక్షిణ తీరాన బోమోక్ దగ్గర దొరికే జారి చిన్నది, ముళ్లు మెత్తన, కనుక పచ్చిగా తింటారు. నైరుతిలో బలమైన ప్రవాహాలుండే మోసుల్‌పో దగ్గర పెరిగినది పెద్దది, ముళ్లు గట్టివి, అందుకని దాన్ని ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చుకుంటారు.