బోరు మోటరు చెప్పకుండా కాలిపోదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదరగానే మాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: “అన్నా, మోటరు ఉన్నట్టుండి కాలిపోయింది. నిన్నటిదాకా బాగానే నడిచింది.” ట్యాంకు ఇదివరకు ఎంతసేపట్లో నిండేదని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఆంపియర్ల సంగతి అడిగితే జవాబే ఉండదు. ఇళ్ల బోర్లలో సబ్‌మెర్సిబుల్ మోటర్లు దింపడం, ఎత్తడం, రిపేరు చెయ్యడం నా పని. పిడుగు పడ్డప్పుడో, వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగినప్పుడో తప్ప, మోటరు పోయే ముందు చాలా రోజులు ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అది తెలియడానికి మూడు లెక్కలు చాలు: ట్యాంకు నిండే టైము, మోటరు తీసుకునే ఆంపియర్లు, రోజుకు మోటరు ఎన్నిసార్లు వేస్తున్నారన్నది.

అపోహ: నీళ్లు తగ్గాయంటే బోరు ఎండిపోయినట్టే.

ఈ మాట నమ్మి ఏకంగా కొత్త బోరు వేయించినవాళ్లు ఉన్నారు. తీరా చూస్తే పాత బోరులో నీళ్లు ఉన్నాయి, పైపుకు చిల్లు పడింది. పైకి నీళ్లు తక్కువ రావడానికి చాలా కారణాలుంటాయి. ఏ కారణమో తేల్చడానికి ముందు చూడాల్సింది ఆంపియర్ మీటరునే.

మీది 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటరు, మామూలుగా 7 ఆంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. నీళ్లు తగ్గాయి, ముల్లు కూడా బాగా కిందికి పడి ఊగుతోంది, పైపులోంచి గాలీ నీళ్లూ కలిసి ఆగి ఆగి కొడుతున్నాయి అంటే పంపుకు నీళ్లు అందడం లేదు. అది నిజంగా బోరు సమస్య. అదే నీళ్లు తగ్గినా ముల్లు ఎప్పటి చోటే నిలకడగా ఉంటే, లేదా కొంచెం ఎక్కువే చూపిస్తుంటే, పంపు తోడుతోంది గానీ ఆ నీళ్లు ట్యాంకు దాకా రావడం లేదు. పైపుకో జాయింటుకో లీకు ఉందని అనుమానించాలి. ముల్లు బాగా పైకి పోతే ముందు వోల్టేజ్ చూడండి. లో వోల్టేజ్‌లో మోటరు ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టేజ్ సరిగ్గానే ఉంటే ఇసుక పట్టి పంపు బిగుసుకుందో, బేరింగులు అరిగాయో, కెపాసిటర్ పోయిందో చూడాలి. పంపు లోపల తిరిగి నీళ్లను పైకి తోసే చక్రాలు, అంటే ఇంపెల్లర్లు, అరిగితే మాత్రం ఒక్కరోజులో పట్టుకోలేం. నెలల తరబడి ట్యాంకు నిండే టైము కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది. పాత లెక్క రాసి పెట్టుకోని ఇంట్లో అది ఎవరి కంటా పడదు.

ప్యానెల్ బోర్డు మీద ఉండే చవక మీటర్లలో ముల్లు ఇరుక్కుపోవడం మామూలే. మెకానిక్ వచ్చినప్పుడు వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటరుతో ఒకసారి సరిచూడమనండి.

పైపు లీకుకు ఇంకో పరీక్ష ఉంది. మోటరు ఆపి గంట తర్వాత మళ్లీ వెయ్యండి. నీళ్లు వెనక్కి జారకుండా ఆపే, పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్ సరిగ్గా ఉండి, పైపుకు చిల్లు లేకపోతే, పైపులో నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి కాబట్టి కొన్ని సెకన్లలోనే ట్యాంకులో పడాలి. ముందు గాలి తన్ని, చాలాసేపటికి గానీ నీళ్లు రాకపోతే పైపు ఖాళీ అయిపోతోందన్నమాట. కొందరు బోరు మూత దగ్గర చెవి పెట్టి లోపల జలజల శబ్దం విని లీకని తేల్చేస్తారు. తొందరపడొద్దు. మన రాతి నేలల్లో నీటిమట్టానికి పైనున్న పగుళ్లలోంచి కూడా ఊట బోరులోకి జారుతుంటుంది. మోటరు ఆపి చాలాసేపయినా శబ్దం అలాగే ఉంటే ఊట కావచ్చు, మోటరు నడిచినంతసేపే గట్టిగా వినిపిస్తే లీకు కావచ్చు.

ఆ నాన్ రిటర్న్ వాల్వ్ కారుతుంటే ఇంకో ప్రమాదం. మోటరు ఆగగానే నీళ్లు వెనక్కి జారుతూ పంపును ఉల్టా తిప్పుతాయి. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి మోటరు స్టార్ట్ అయితే షాఫ్టు మీద, కప్లింగ్ మీద దెబ్బ పడుతుంది. కరెంటు పోయి వచ్చాక ఐదు నిమిషాలు ఆగి వెయ్యమని చెప్పేది ఇందుకే.

అపోహ: ట్యాంకు నిండడం ఆలస్యమైతే మోటరు అరిగినట్టే.

తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైట్ నేల. నీళ్లు ఉండేది పైనున్న మెత్తబడ్డ రాతి పొరలోనూ, కింది పగుళ్లలోనూ. భూగర్భ జలమట్టం మామూలుగా మే నెలలో బాగా దిగిపోయి, వానలు పడ్డాక అక్టోబరు, నవంబరు నాటికి పైకి వస్తుంది. మట్టం దిగితే అదే పంపు అవే నీళ్లను ఇంకా లోతు నుంచి ఎత్తాలి కాబట్టి టైము పెరుగుతుంది. ఈ మే నెల లెక్కను పోయిన మే నెల లెక్కతోనే పోల్చాలి, నవంబరుతో కాదు.

టైము చూసే పద్ధతి: ట్యాంకు కింది గేట్ వాల్వ్ కట్టేసి, ట్యాంకుకు రెండు గుర్తులు పెట్టుకుని, నీళ్లు కింది గుర్తు నుంచి పై గుర్తుకు ఎన్ని నిమిషాల్లో వస్తాయో చూడండి. నెలకోసారి చాలు. అదే సమయంలో కరెంటు మీటరు కూడా ముందూ వెనకా చూసుకుంటే ఇంకా మంచిది. 1 హెచ్‌పీ మోటరు గంటకు సుమారు ఒకటింబావు యూనిట్ తీసుకుంటుంది. 25 నిమిషాల్లో నిండే ట్యాంకుకు అర యూనిట్ పడుతుంది. అదే ట్యాంకు 50 నిమిషాలు తీసుకుంటే ఖర్చు దాదాపు రెట్టింపు.

అపోహ: ఆంపియర్లు తక్కువ చూపిస్తే కరెంటు ఆదా.

కాదు. నీళ్లు లేకుండా తిరుగుతోందేమో చూడండి. మోటరు చల్లబడేదీ, పంపు బేరింగులకు తడి అందేదీ నీళ్లతోనే.

అపోహ: పెద్ద హెచ్‌పీ దింపితే ఎక్కువ నీళ్లు వస్తాయి.

బోరులో ఊరేదానికన్నా ఎక్కువ ఏ మోటరూ తేలేదు. ఊట తక్కువున్న బోరులో 2 హెచ్‌పీ దింపితే ఉన్న నీళ్లు త్వరగా ఖాళీ చేసి డ్రై రన్‌లో, అంటే నీళ్లు లేకుండా ఉత్తినే తిరగడంలో, పడుతుంది.

అపోహ: లీకుంటే ఎక్కడో ఒకచోట తడి కనపడుతుంది.

కనపడని లీకులే ఎక్కువ తినేస్తాయి. మూడో లెక్క పనికొచ్చేది ఇక్కడే. ట్యాంకు నిండే టైము పెరిగితే గోల బోరుకూ ట్యాంకుకూ మధ్య ఉంది. టైము మారలేదు గానీ రోజుకు ఒకసారి వేసే మోటరు రెండుసార్లు వెయ్యాల్సి వస్తోందంటే, చుట్టాలెవరూ రాకపోయినా, లీకు ట్యాంకులోనో, ట్యాంకు తర్వాత పైపుల్లోనో ఉంది. రాత్రి ట్యాంకు కింది వాల్వ్ కట్టేసి నీళ్ల మట్టం గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గితే ట్యాంకో, ఆ వాల్వో కారుతోంది. తగ్గకపోతే ఇంట్లో వెతకాలి. ముందు ఫ్లష్ ట్యాంకులు చూడండి. బట్టలకు వేసే నీలం కొన్ని చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి, అరగంట ఎవరూ వాడకుండా వదిలెయ్యండి. కింద బేసిన్‌లో నీలం రంగు కనిపిస్తే వాషరు పోయింది. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లలో ఇలాంటి లీకు వల్ల నెల వాడకం 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే.

అపోహ: ఆటోమేటిక్ పెట్టించాం, ఇక టెన్షన్ లేదు.

ట్యాంకు పొంగిపోకుండా ఆపడానికి అది మంచిదే. కానీ లీకును దాచేది కూడా అదే. ట్యాంకు తగ్గినప్పుడల్లా, రాత్రి రెండింటికైనా, మోటరు దానంతట అదే లేచి నింపేస్తుంది, ఎవరికీ తెలియదు. కాబట్టి మోటరు నడిచిన గంటలు చూపించే రకం దొరికితే అది తీసుకోండి. నీళ్లు అందకపోతే మోటరును ఆపేసే డ్రై రన్ ప్రివెంటర్ ఉంటే, మీ మోటరు మామూలు ఆంపియర్లు చూసి సెట్ చేశారా లేదా అడగండి. కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగ్‌తోనే వదిలేస్తే అసలు పని చెయ్యకపోవచ్చు.

అపోహ: ట్రిప్ అయితే బటన్ నొక్కి మళ్లీ వెయ్యొచ్చు.

వరసగా నొక్కితే కాలేది మోటరు లోపలి తీగచుట్ట, అంటే వైండింగే. రెండోసారీ ట్రిప్ అయితే ఆపేసి పిలవండి. కరెంటు లీకైతే సప్లై కట్ చేసే ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్ అవుతుంటే అది ఇంకా సీరియస్. బోరులో కేబుల్ జాయింట్ తడిసి కరెంటు లీకవుతూ ఉండొచ్చు, అప్పుడు ఇనప కేసింగ్‌ను ముట్టుకున్నా షాక్ కొట్టే అవకాశం ఉంది. దాన్ని బైపాస్ చేసి మోటరు నడిపిద్దామనే వాళ్లతో పని చేయించుకోవద్దు. మెగ్గర్ అనే ఇన్సులేషన్ టెస్టరుతో చూస్తే మోటరు ఎత్తకుండానే లోపం తెలుస్తుంది.

కొత్త మోటరు దింపిన రోజే బిల్లు వెనక ఇవన్నీ రాయించుకోండి: బోరు లోతు, మోటరు ఎన్ని అడుగుల్లో ఉంది, నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయి, వోల్టేజ్, ఆంపియర్లు, ట్యాంకు నిండిన టైము. రాయడానికి మెకానిక్ విసుక్కుంటే డబ్బులు ఇచ్చేలోపే అడగండి.