సెక్షన్ 3(డి) వెనక కథ: బాలానగర్ నుంచి పార్లమెంటు దాకా

ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ మందు ఒకప్పుడు విదేశీ కంపెనీ పేరుతో నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కోతో సహా మన కంపెనీలు చేసిన అదే మందు పది వేల లోపే దొరికింది. ఆ తేడా నిలబడటానికి ముఖ్య కారణం పేటెంట్ చట్టంలోని చిన్న సెక్షన్, 3(డి). పాత మందును కాస్త మార్చి కొత్తదని పేటెంట్ అడిగితే, రోగానికి అది నిజంగా మెరుగ్గా పనిచేస్తుందని చూపించాలంటుంది ఆ సెక్షన్.

చట్టాలు ఎవరు రాస్తారో తెలియాలంటే ఈ ఒక్క సెక్షన్ చరిత్ర చూస్తే చాలు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మనకు 1911 నాటి బ్రిటిష్ కాలపు పేటెంట్ చట్టమే ఉండేది. మందుల మార్కెట్ చాలావరకు విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. కొన్ని మందుల ధరలు ప్రపంచంలోనే ఎక్కువగా ఇండియాలో ఉన్నాయని అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీయే చెప్పింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1965లో వచ్చిన బిల్లు లోక్‌సభ గడువుతో పాటే మురిగిపోయింది. 1967లో మళ్లీ తెచ్చారు, మళ్లీ జాయింట్ కమిటీకి వెళ్లింది, 1970లో గట్టెక్కింది. విదేశీ కంపెనీల ఒత్తిడి ఆ రోజుల్లోనూ తక్కువేం కాదు. అయినా ఎంపీలు క్లాజు క్లాజు చదివారు, సాక్ష్యాలు విన్నారు. మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ అన్నారు. వేరే పద్ధతిలో అదే మందు చేసుకునే దారి తెరుచుకుంది.

ఆ దారిలో పెద్ద లాభం పొందిన ఊరు మనదే. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి లాంటివాళ్లు సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పుట్టింది 1984లో. జీడిమెట్ల, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ (మందులకు వాడే ముడి రసాయనాలు) పేరుతో దేశమంతా తెలిశాయి. అక్కడి చెరువులు, బోర్లు దానికి చెల్లించిన మూల్యం వేరే పెద్ద కథ. అది కూడా రాయాల్సిందే.

తర్వాత ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో వచ్చింది. దాని ఒప్పందానికి తగ్గట్టు పేటెంట్ చట్టం మార్చాల్సి వచ్చింది. 1994 డిసెంబర్ 31న పీవీ నరసింహారావు ప్రభుత్వం అందుకోసం ఆర్డినెన్స్ తెచ్చింది. బిల్లు లోక్‌సభ దాటింది కానీ, మెజారిటీ లేని రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లి ఆగిపోయింది. 1996లో లోక్‌సభ రద్దుతో అదీ పోయింది. అమెరికా డబ్ల్యూటీవోలో ఫిర్యాదు చేసి గెలిచింది. దాంతో 1999లో ఒక సవరణ, 2002లో ఇంకొకటి. ఈ కాలమంతా బి.కె. కీలా నడిపిన పేటెంట్ చట్టాల వర్కింగ్ గ్రూపు అన్ని పార్టీల ఎంపీలకూ ఈ చట్టంలోని మెలికలు విప్పి చెబుతూనే ఉంది. అది కూడా ఒక రకం లాబీయింగే. కాకపోతే ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఎదుటివాళ్లకు తెలుసు.

డబ్ల్యూటీవో ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1కల్లా మందులకు కూడా పేటెంట్ ఇవ్వక తప్పదు. 2003లో ఎన్డీఏ తెచ్చిన బిల్లు ఎన్నికల వల్ల పోయింది. యూపీఏ 2004 డిసెంబర్ 26న ఆర్డినెన్స్ జారీ చేసింది. దాన్ని చట్టం చేయడానికి ఓట్లు చాలవు. అలాంటి బిల్లే తెచ్చిన బీజేపీ ఇప్పుడు వ్యతిరేకించింది. లెఫ్ట్ పార్టీల 59 మంది ఎంపీలు మద్దతుకు షరతులు పెట్టారు. దేశీ కంపెనీల సంఘాలు, బహుళజాతి కంపెనీల సంఘాలు, హెచ్‌ఐవీ రోగుల తరఫు సంస్థలు అందరూ ఢిల్లీలోనే ఉన్నారు. చివర్లో చేరిన 3(డి) వివరణలోని మాటలు 2004 నాటి యూరప్ ఔషధ ఆదేశంలోని జనరిక్ నిర్వచనానికి చాలా దగ్గరగా ఉంటాయి. 2005 మార్చి 22న లోక్‌సభ, 23న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి.

పోరు అక్కడితో ఆగలేదు. ఈ పరిమితులు సరైనవేనా చూడమని ప్రభుత్వం శాస్త్రవేత్త మషేల్కర్ అధ్యక్షతన కమిటీ వేసింది. దాని నివేదికలో కొన్ని భాగాలు విదేశీ మందుల కంపెనీల సంఘం డబ్బుతో జరిగిన అధ్యయనం నుంచి ఎత్తి రాసినవని బయటపడి, 2007లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇమాటినిబ్‌కు పేటెంట్ ఇవ్వకముందే వేసే అభ్యంతరం, అంటే ముందస్తు అభ్యంతరం, వేసినవాళ్లలో క్యాన్సర్ రోగుల సంఘంతో పాటు మన నాట్కో, హెటిరో ఉన్నాయి. 2013 ఏప్రిల్ 1న ఆ పేటెంట్ అడిగిన విదేశీ కంపెనీ నోవార్టిస్ అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది.

2005లో అలాంటి బేరానికి చోటు దొరికింది ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేకపోవడం వల్లే. విడిగా ఒక్కో ఎంపీకి ఆ బలం లేదు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్, అంటే పార్టీ ఆదేశం, దాటి ఓటేస్తే సీటే పోవచ్చు. ఆ చట్టం ఎందుకు అవసరమైందో 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూల్చడం కళ్లారా చూసిన హైదరాబాద్‌కు చెప్పక్కర్లేదు. కానీ అదే విప్ ప్రతి మామూలు బిల్లుకూ వర్తించడంతో ఎంపీని ఒప్పించే పని తగ్గింది, పార్టీ పెద్దల్ని ఒప్పిస్తే చాలు. ఎంపీ సొంతంగా బిల్లు పెట్టొచ్చు, కానీ అలాంటివి ఇప్పటిదాకా చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళితే, 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతం.

లాబీయింగ్‌కు మన దగ్గర చట్టమే లేదు. ఇండియా మార్కెట్ కోసం వాల్‌మార్ట్ పెట్టిన లాబీయింగ్ ఖర్చు 2012లో మనకు తెలిసింది అమెరికా చట్టం వల్ల. వివరాలు బయటపెట్టాలంటూ ఎంపీ కాళికేశ్ సింగ్ దేవ్ 2013లో పెట్టిన ప్రైవేటు బిల్లు ముందుకు కదల్లేదు. చాటున జరిగేదాన్ని మనం పైరవీ అనే అంటాం. పైరవీకి రిజిస్టర్ ఉండదు.

2024 మార్చి 10న యూరప్‌లోని ఎఫ్టా కూటమి (స్విట్జర్లాండ్, నార్వే లాంటి నాలుగు దేశాలు)తో వాణిజ్య ఒప్పందం కుదిరింది. మార్చి 15న పేటెంట్ నిబంధనలు మారాయి. ముందస్తు అభ్యంతరానికి కొత్తగా ఫీజు పెట్టారు. అభ్యంతరం విచారణకు తగినదా కాదా అధికారి ముందే తేలుస్తారు. పేటెంట్ పొందిన మందును దేశంలో నిజంగా అందుబాటులో ఉంచుతున్నారా అన్న లెక్క ఏడాదికోసారి కాకుండా మూడేళ్లకోసారి ఇస్తే చాలు. నాట్కోకు 2012లో క్యాన్సర్ మందు నెక్సవార్ తయారీకి తప్పనిసరి లైసెన్సు (పేటెంట్ వేరేవాళ్లదైనా తయారుచేసుకోనిచ్చే అనుమతి) దొరికినప్పుడు, నెలకు 2,80,000 రూపాయల మందు 8,800కు దిగినప్పుడు, పనికొచ్చింది అలాంటి లెక్కలే. ఈ మార్పులు నిబంధనలు కాబట్టి అమల్లోకి రావడానికి సభలో ఓటింగ్ అవసరం లేకపోయింది.