శభాష్‌కి ముందు జరగాల్సిన పని

క్లాసులో ఓ పిల్లవాడు 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడనుకోండి. టీచరు ఇంటూ కొట్టి ముందుకెళ్లొచ్చు. లేదా "పర్లేదు నాన్నా, నువ్వు చాలా తెలివైనవాడివి" అని భుజం తట్టి ముందుకెళ్లొచ్చు. రెండోది వినడానికి బాగుంటుంది గానీ తర్వాతి లెక్కలో వాడు మళ్లీ అదే తప్పు చేస్తాడు, ఎందుకంటే వాడు నోటికొచ్చింది రాయలేదు. 5లోంచి 2 పోతే 3, 7లోంచి 2 పోతే 5. అంటే ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలని వాడికి ఎలాగో మనసులో నాటుకుపోయింది, ఆ ప్రకారం చూస్తే వాడి లెక్క కరెక్టే. పక్కన కూర్చుని "ఇక్కడ పైన 2 ఉంది, కింద 7 ఉంది, ఎలా తీశావో చెప్పు" అని అడిగితే సంగతి బయటపడుతుంది, పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం అప్పుడు నేర్పొచ్చు. ఆ తర్వాత వాడంతట వాడే ఇంకో నాలుగు లెక్కలు చేసి, నాలుగూ సరిపోయినప్పుడు వాడి ముఖం చూడండి. పిల్లల ఆత్మగౌరవం పెంచడం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఐదు నిమిషాలే.

ఒకప్పుడు దీన్ని తిరగేసి ఆలోచించారు. ముందు పిల్లలకి తమ మీద తమకి గౌరవం పెంచేస్తే చదువు, నడవడిక వాటంతటవే బాగుపడతాయన్నది లెక్క. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో, జాన్ వాస్కోన్సెలోస్ అనే శాసనసభ్యుడి పట్టుదల వల్ల, దీని కోసం ఏకంగా ప్రభుత్వ కమిటీ వేసింది. చదువులో వెనకబడటం నుంచి మత్తుమందులు, నేరాల దాకా అన్నిటికీ ఇదే మందు అన్నంత ఊపు వచ్చింది. తర్వాత 2003లో రాయ్ బౌమైస్టర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూస్తే తేలింది వేరు. ఆత్మగౌరవానికీ మార్కులకీ సంబంధం ఉంది, కానీ అంత గట్టిది కాదు. పైగా బాగా చదవడం వల్ల ఆత్మగౌరవం పెరగడమే ఎక్కువగా కనిపించింది. ఊరికే ఆత్మగౌరవం పెంచితే మార్కులు పెరిగిన దాఖలాలు వాళ్లకి దొరకలేదు. సంతోషంగా ఉండటానికీ, చొరవ తీసుకోవడానికీ మాత్రం అది పనికొస్తుందన్నారు, అదేం తక్కువ విషయం కాదు.

మరి పొగడ్త సంగతేంటి? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మనం మంచి మనసుతో చేసే పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకి ముందు తేలికైన పజిల్స్ ఇచ్చారు. బాగా చేశావని చెప్పి, కొందరితో "నువ్వు తెలివైనదానివి" అని, కొందరితో "బాగా కష్టపడి ఉంటావు" అని అన్నారు. ఆ తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చి, మళ్లీ తేలికైనవి ఇచ్చారు. తెలివిని పొగిడించుకున్నవాళ్లు చివరి రౌండ్‌లో మొదటిసారి కంటే దిగజారారు, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్లు మెరుగయ్యారు. నాకు బాగా పట్టుకున్నది ఇంకోటి: వేరే స్కూలు పిల్లలకి మీ మార్కులు రాసి పంపండి అంటే, తెలివైనవాళ్లు అనిపించుకున్న గుంపులో పదిమందిలో దాదాపు నలుగురు అబద్ధం రాశారు. తెలివి పేరు మీద వచ్చిన గౌరవం ఒక్క తప్పుతో పోతుందని వాళ్లకి అర్థమైపోయింది మరి.

2014లో ఎడీ బ్రుమెల్‌మన్ బృందం ఇంకాస్త లోపలికి వెళ్లింది. 8 నుంచి 12 ఏళ్ల పిల్లల చేత వాన్‌గో అనే ప్రసిద్ధ చిత్రకారుడు వేసిన బొమ్మ ఒకటి చూసి గీయించి, కొందరికి "అందంగా గీశావు" అనీ, కొందరికి "అబ్బ, నమ్మలేనంత అందంగా గీశావు" అనీ రాసి ఇచ్చారు. తమ మీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లలు ఆ రెండో రకం మెప్పు అందుకున్నాక, తర్వాత ఏం గీస్తావంటే తేలిక బొమ్మల వైపే వెళ్లారు. అంత పొగిడాక ఈసారి గీత వంకర పోతే ఎలా అన్న టెన్షన్ కావచ్చు. విచిత్రం ఏంటంటే, పెద్దవాళ్లు అలాంటి అతి పొగడ్తలు ఎక్కువగా ఇచ్చేది సరిగ్గా ఈ పిల్లలకే అని కూడా అదే పరిశోధనలో తేలింది.

అయితే ఏం చేయాలి? తీసివేతల దగ్గరికే వద్దాం. ఆల్బర్ట్ బందూరా, డేల్ షంక్ 1981లో లెక్కల్లో బాగా వెనకబడి, వాటి మీద ఆసక్తి కూడా లేని పిల్లలకి 42 పేజీల తీసివేత పాఠాలు ఇచ్చారు, ఏడు సిట్టింగుల్లో పూర్తి చేయాలి. ఒక గుంపుకి "రోజుకి 6 పేజీలు" అన్నారు, ఇంకో గుంపుకి "చివరికల్లా 42 పేజీలు" అన్నారు. మొత్తం పని ఒకటే. రోజుకి ఆరు అనుకున్న పిల్లలు లెక్కలూ బాగా చేశారు, చేయగలమన్న నమ్మకమూ ఎక్కువ తెచ్చుకున్నారు, తర్వాత ఇష్టమొచ్చిన పని చేసుకోమంటే తీసివేతలే ఎక్కువ చేశారు! ఏ రోజుకారోజు "ఇవాళ్టిది అయింది" అని కళ్లెదుట కనపడటం ఎంత మార్చేస్తుందో చూడండి.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలు తామే అన్నిట్లో ఫస్ట్ అనుకుంటారు, ఆ తర్వాత పక్కవాళ్లతో పోల్చుకోవడం గట్టిగా మొదలవుతుంది. అప్పటి నుంచి టీచరు నోటితో చెప్పనివి కూడా లెక్కలోకి వస్తాయి. ప్రశ్న అడిగి టీచరు ఎంతసేపు ఆగుతారన్నది అలాంటిదే. మేరీ బడ్ రో 1970ల్లో క్లాసులు రికార్డు చేసి చూస్తే ఆ వ్యవధి సగటున ఒక సెకను మాత్రమే ఉంది, అందులోనూ చురుకైనవాళ్లు అనుకున్న పిల్లల కోసం ఎక్కువ, మిగతావాళ్ల కోసం తక్కువ. మూడు సెకన్లు ఆగేలా టీచర్లకి అలవాటు చేస్తే జవాబులు పొడుగయ్యాయి, నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారు. పైసా ఖర్చు లేదు. కానీ నిశ్శబ్దంగా మూడు సెకన్లు నిలబడటం అనుకున్నంత సులువు కాదు, ప్రయత్నించి చూడండి.

తప్పులు చూపిస్తే పిల్లలు నొచ్చుకుంటారని భయపడేవాళ్ల కోసం ఇంకొక్క ప్రయోగం. 2014లో డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ బృందం ఏడో తరగతి పిల్లల వ్యాసాల మీద టీచర్ల చేత నిక్కచ్చిగా దిద్దించి, కొన్నిటికి ఓ చిన్న చీటీ అంటించింది: నీ మీద నాకు చాలా అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు కాబట్టే ఇవన్నీ రాస్తున్నాను అని. మిగతావాటికి మామూలు చీటీ. నల్లజాతి పిల్లల్లో వ్యాసాన్ని మళ్లీ రాసి తెచ్చినవాళ్లు మామూలు చీటీతో 17 శాతం ఉంటే, ఈ చీటీతో 72 శాతం అయ్యారు. కొద్దిమంది పిల్లలతో చేసిన చిన్న ప్రయోగమే, అంకెల్ని మరీ పట్టుకుని వేలాడనక్కర్లేదు. చూడాల్సింది ఏంటంటే, రెండు గుంపుల కాగితాల మీదా ఎర్ర గీతలు ఉన్నాయి. ఏ తప్పూ చూపించకుండా కేవలం చీటీ అంటిస్తే పిల్లలు మళ్లీ రాయడానికి అక్కడ ఏమీ ఉండదు.