సముద్రం మీద విమానం దారి

బుజ్జీ, చింటూ,

మొన్న ఫోన్‌లో చింటూ అడిగాడు కదా, లండన్ నుంచి షికాగో వెళ్తుంటే సీటు ముందు తెర మీద మన విమానం పైకి గ్రీన్‌లాండ్ వైపుకి వంగింది, తిన్నగా పోవచ్చు కదా తాతయ్యా అని. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ గ్లోబు తీసుకుని, లండన్ దగ్గర దారం ఒక కొస పెట్టి, రెండో కొస షికాగో దగ్గర పట్టుకుని గట్టిగా లాగండి. దారం దానంతటదే ఉత్తరానికి జరుగుతుంది. భూమి గుండ్రం కాబట్టి అదే దగ్గరి దారి, గోడ మ్యాపు మీద మాత్రం వంకరగా కనిపిస్తుంది.

ఇక గాలి. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతుంది, అదీ రోజుకో చోట. 2020 ఫిబ్రవరిలో ఒక విమానం దాని ఊపులో న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. ఎదురెళ్లేవాళ్లు దాన్ని తప్పుకోవాలి, అటే వెళ్లేవాళ్లు అందులోకి దిగాలి. అందుకని అట్లాంటిక్ మీద దారులు రోజూ కొత్తగా గీస్తారు. పగలు అమెరికా వైపు వెళ్లే దారుల్ని స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో విమానాల్ని నడిపించే కంట్రోల్ కేంద్రం వాళ్లు గీసి ఏ, బి, సి అని పేర్లు పెడతారు. రాత్రి యూరప్ వైపు వచ్చేవాటిని కెనడాలోని గాండర్ కేంద్రం వాళ్లు గీసి జెడ్, వై, ఎక్స్ అని వెనక నుంచి పెడతారు, రెండూ కలిసిపోకుండా. ఎంత తెలివైన పనో చూడండి!

ఇలా గీసిన దారుల్లోనే వెళ్లడం ఎందుకంటే, ఒడ్డు నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు దాటాక నేల మీది రాడార్‌కి విమానం కనబడదు. పైలట్లే ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, దారి మీద ముందే గుర్తుపెట్టుకున్న తరవాతి పాయింటుకి ఎన్నింటికి చేరతారో కరకరలాడే రేడియోలో చెప్పేవాళ్లు. 2019 నుంచి ఉపగ్రహాలు కూడా చూస్తున్నాయి, అయినా జాగ్రత్త పోలేదు. నాకు బాగా నచ్చింది ఒకటుంది: పాయింటు దాటిన పది నిమిషాలకి పైలట్లు తామున్న చోటు చూసుకుని చార్టు మీద చుక్క పెట్టేవాళ్లు. ఆ చుక్క గీత మీద పడితే సరే, పక్కకి పడితే విమానం కంప్యూటర్‌లో దారి ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒక అంకె తప్పు కొట్టారన్నమాట. అక్షాంశంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 111 కిలోమీటర్లు పక్కకి పోయినట్టే, అక్కడ ఇంకో విమానం ఉండొచ్చు.

ఇంకో లెక్క కూడా ఉంది. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, రెండోదానితో దిగడానికి ఎయిర్‌పోర్టు ఎంత దూరంలో ఉంది? 1953లో అమెరికాలో పెట్టిన రూలు 60 నిమిషాలు, 1985లో 120 చేశారు, ఇప్పుడు ఇంజన్లు బాగుపడి ఇంకా పెరిగింది. ఐస్‌లాండ్‌లో కెఫ్లావిక్, కెనడాలో గూస్ బే, అజోర్స్ దీవుల్లో లాజెస్ లాంటి చోట్లని ముందే ఎంచి పెట్టుకుంటారు, అక్కడి వాతావరణం కూడా చూసుకుని బయల్దేరతారు. 2001 ఆగస్టులో ఒక విమానానికి నడిసముద్రం మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. 19 నిమిషాలు గాలిలో జారుతూ వెళ్లి లాజెస్‌లో దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు. ఆ చిన్న దీవి అందుబాటులో లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

డిసెంబరులో ఇక్కడికి వచ్చేటప్పుడు తెర మీద గాండర్, కెఫ్లావిక్ కనిపిస్తాయేమో చూడండి. కనిపిస్తే ఎన్నింటికి దాటారో కాగితం మీద రాసి తీసుకురండి, మనం గ్లోబు మీద కలిపి గీద్దాం.

మీ తాతయ్య