రిలేషనల్ డేటాబేస్ వెబ్‌కి పనికిరాదా? అపోహలు - వాస్తవాలు

"ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు (అంటే డేటాని పట్టికల్లో పెట్టే రిలేషనల్ డేటాబేస్‌లు) వెబ్ రాకముందువి కదండీ, అందుకే సైట్ స్లో" అని ఎన్నిసార్లు విన్నానో. ఎవరో చెప్తారు, కుర్ర డెవలపర్లు నమ్మేసి డేటా అంతా వేరే డేటాబేస్‌కి మార్చేస్తారు, నెలలు పోతాయి, డబ్బులు పోతాయి, సైట్ మాత్రం అలాగే ఏడుస్తుంటుంది.

అసలు సంగతి వినండి. 1993లో ఎన్‌సీఎస్‌ఏ అనే అమెరికా పరిశోధన కేంద్రం వెబ్ సర్వర్‌తో సీజీఐ వచ్చింది, వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రామ్‌ని నడిపి పేజీ తెప్పించుకునే పద్ధతి అది. ప్రతి క్లిక్‌కీ కొత్త ప్రాసెస్ లేవాలి, పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష లోడ్ అవ్వాలి, డేటాబేస్‌కి లాగిన్ అయ్యి క్వెరీ (డేటా అడిగే ప్రశ్న) నడిపి పేజీ ఇచ్చేసి ఆ ప్రాసెస్ చచ్చిపోవాలి, మళ్ళీ క్లిక్ చేస్తే మళ్ళీ మొదట్నుంచీ. గ్లాసు టీకి ప్రతిసారీ కొత్తగా పొయ్యి కట్టినట్టు. చాలాసార్లు క్వెరీ కంటే దాని ముందు తతంగానికే ఎక్కువ టైం. అందుకే 1996లో ఫాస్ట్‌సీజీఐ, మాడ్ పెర్ల్ లాంటివి వచ్చాయి, ప్రాసెస్‌నీ కనెక్షన్‌నీ బతికించి ఉంచడానికి. 1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కనెక్షన్‌కి ప్రాసెస్ బదులు థ్రెడ్ (ఒకే ప్రాసెస్ లోపల నడిచే తేలికైన పని) ఇచ్చేది, చవగ్గా అయ్యేది, వెబ్ వాళ్ళకి నచ్చడానికి అదో కారణం. మారింది కనెక్షన్ పద్ధతి, 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ చెప్పిన రిలేషనల్ మోడల్ కాదు!

మొన్నామధ్య ఒక చిన్న కంపెనీ కుర్రాడు రాత్రిపూట ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది, "అన్నా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తీసేసి మొత్తం మళ్ళీ రాయమంటున్నారు, నా ఉద్యోగం ఉంటుందా" అని. చూస్తే రిక్వెస్ట్‌కో కొత్త కనెక్షన్, పూలింగే (తెరిచిన కనెక్షన్లనే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం) లేదు, పోస్ట్‌గ్రెస్‌లో ఇప్పటికీ కనెక్షన్‌కో ప్రాసెస్ కదా. ఆ పూలింగ్ చేసే పీజీబౌన్సర్ పెట్టాం, క్వెరీలో WHERE షరతులో వాడే కాలమ్‌కి ఇండెక్స్ (పుస్తకం వెనక సూచికలా త్వరగా వెతికిపెట్టేది) వేశాం, అంతే, సైట్ దార్లో పడింది. మీకూ ఇలాంటి భయం ఉంటే కంగారు పడకండి, ముందు కనెక్షన్లు లెక్కపెట్టండి, క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ చూడండి, వేరే డేటాబేస్‌కి మారే మాట తర్వాత.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా. వెబ్‌లో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌తో మొదలవ్వలేదు. 1991 డిసెంబర్‌లోనే స్టాన్‌ఫర్డ్‌లోని స్లాక్ అనే ఫిజిక్స్ ల్యాబ్‌లో పాల్ కుంజ్ వాళ్ళు ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీదున్న స్పైర్స్ అనే ఫిజిక్స్ పేపర్ల డేటాబేస్‌ని వెబ్‌కి కలిపారు, అమెరికాలో మొదటి వెబ్ సర్వర్ కూడా అదే. మైఎస్‌క్యూఎల్‌లో ట్రాన్సాక్షన్లు (కొన్ని మార్పులు అన్నీ కలిసి జరగడం, లేదా ఏదీ జరగకపోవడం) ఉండవన్నది మైఐసామ్ అనే పాత స్టోరేజ్ ఇంజిన్ రోజుల మాట, 2010లో వెర్షన్ 5.5 నుంచి ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీ ఇంజినే డీఫాల్ట్. ఇక ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ ఫలానా డేటాబేస్ లోపం కాదండీ, 1998లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో దీని గురించి రాశారు, యూజర్ టైప్ చేసింది తెచ్చి క్వెరీలో అతికిస్తే ఏ డేటాబేసూ కాపాడదు, యూజర్ ఇచ్చిన విలువని క్వెరీలో కలపకుండా విడిగా పంపే ప్లేస్‌హోల్డర్లు వాడండి.