గుట్టు తెలిసిన కథను మళ్లీ తీయడం

సైకలాజికల్ క్రైమ్ థ్రిల్లర్‌ను రీమేక్ చేస్తున్నారనగానే అందరూ అడిగేది ఒకటే: గుట్టు తెలిసిపోయాక చూడడానికి ఇంకేం మిగిలిందని. పాత సినిమాను ఉన్నదున్నట్టు తీస్తే చాలదని 1998లో దర్శకుడు గస్ వాన్ శాంట్ తీసిన ‘సైకో’ తేల్చేసింది. హిచ్‌కాక్ 1960లో తీసిన సినిమానే దాదాపు షాట్ వెంట షాట్ రంగుల్లో మళ్లీ తీశారు. భయం మాత్రం రాలేదు.

మార్చినంత మాత్రాన బాగుపడుతుందనీ లేదు. జార్జ్ స్లైజర్ 1988లో తీసిన ‘స్పూర్‌లోస్’లో, మాయమైన ప్రియురాలికి ఏమైందో తెలుసుకోవాలన్న పట్టుదలే కథానాయకుణ్ని సజీవ సమాధి చేస్తుంది. అదే కథను ఆయనే 1993లో హాలీవుడ్‌లో తీసినప్పుడు కథానాయకుడు బతికి బయటపడ్డాడు. కోరలు పీకిన పాము బుస కొట్టినట్టయింది.

దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ ఏకంగా కథ పునాదినే కదిలించారు. ‘కేప్ ఫియర్’ జైలు నుంచి విడుదలై లాయరుపై పగ తీర్చుకోవడానికి వచ్చే విలన్ కథ. 1962 నాటి సినిమాలో లాయరు మచ్చలేని మనిషి, విలన్‌పై సాక్ష్యం చెప్పినవాడు. 1991 సినిమాలో అతనే విలన్ తరఫు లాయరు. తన కక్షిదారుకు పనికొచ్చే నివేదికను తొక్కిపెట్టాడు. దాంతో పగకు ఒక న్యాయం దొరికింది. పాత సినిమాకు బెర్నార్డ్ హెర్మన్ ఇచ్చిన సంగీతాన్నే ఎల్మర్ బెర్న్‌స్టీన్ చేత మళ్లీ కూర్పించి వాడుకున్నారు. నాడు లాయరుగా నటించిన గ్రెగరీ పెక్ ఈసారి విలన్ పక్షాన వాదించడం స్కోర్సెసీ కొంటెతనం.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ‘ఇన్‌సోమ్నియా’. ఎరిక్ స్కోల్డ్‌బ్యార్గ్ 1997లో తీసిన నార్వే సినిమాను 2002లో క్రిస్టఫర్ నోలన్ అలాస్కాకు తరలించారు. రెండింటిలోనూ ఉత్తర ధ్రువానికి దగ్గరి వేసవి, పొద్దు గుంకదు, పోలీసు అధికారికి నిద్ర పట్టదు. పొగమంచులో అతని తూటాకు సహచరుడు చనిపోతాడు. ఆ నేరం కప్పిపుచ్చడానికి వేరే తుపాకీతో కాల్చిన తూటా ఒకటి కావాల్సి వస్తుంది. నార్వే అధికారి అందుకోసం బతికున్న కుక్కను కాలుస్తాడు. నోలన్ సినిమాలో ఆ పాత్ర వేసిన అల్ పచీనో అప్పటికే చచ్చి పడివున్న కుక్కను కాలుస్తాడు. ఇక్కడ నోలన్ జంకారనే అంటాను. అయితే దానికి బదులుగా ఒక అనుమానం నాటారు: చనిపోయిన సహచరుడు, ఈ అధికారి గుట్టు బయటపెట్టే విచారణకు సహకరించబోతున్నవాడు. కాల్చింది పొరపాటునా, కావాలనా? కాల్చినవాడికే తెలియదు.

ముగింపులూ దీన్ని బట్టే వేరయ్యాయి. నార్వే సినిమాలో నిజం పసిగట్టిన యువ అధికారిణి, సాక్ష్యమైన తూటా గొట్టాన్ని అతని ముందే వదిలి వెళ్తుంది, అతను తప్పించుకుపోతాడు. నోలన్ సినిమాలో ఆమె దాన్ని పారేయబోతుంటే, కొన ఊపిరితో ఉన్న అధికారే వద్దని ఆపుతాడు.