మోర్కియో పిల్లల్లో గూని కన్నా ముందు మెడ చూపించండి

మోర్కియో సిండ్రోమ్ (ఎముకలు సరిగ్గా పెరగని, పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు) ఉన్న పిల్లల్ని అమ్మానాన్నలు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేది ఎక్కువగా వీపు మీద గూని కనిపించిందనో, మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయనో, ఎత్తు పెరగట్లేదనో. ప్రాణం మీదకి తెచ్చేది మాత్రం మెడలో ఉంటుంది, అది పైకి కనపడదు.

పుర్రె కింద ఉండే రెండో వెన్నుపూసకి వేలు లాంటి ఎముక ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, మొదటి పూస దాని చుట్టూ తిరుగుతుంది, మనం తల అటూ ఇటూ తిప్పేది దానివల్లే. ఈ పిల్లల్లో ఆ వేలు సరిగ్గా పెరగదు, పైగా ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు వదులు, దాంతో తల వంచినప్పుడు పూస జారి వెన్నుపామును నొక్కే ప్రమాదం ఉంది. మోర్కియోలో ‘టైప్ A’ అనే రకంలో, కెరటాన్ సల్ఫేట్ అనే పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపించి, ఆ పదార్థం కార్టిలేజ్‌లో (మృదులాస్థిలో) పేరుకుపోతుంది, అసలు గొడవంతా అక్కడే మొదలు. 1929లో ఉరుగ్వేలో లూయిస్ మోర్కియో, అదే ఏడాది ఇంగ్లాండ్‌లో జేమ్స్ బ్రెయిల్స్‌ఫోర్డ్ దీని గురించి రాశారు. తెలివితేటలకి మామూలుగా ఏ లోటూ ఉండదు, ఈ మాట బడి వాళ్ళకి కూడా గట్టిగా చెప్పాలి.

మొన్నటిదాకా బడికి నడిచెళ్ళిన పిల్ల సగం దారిలో ఎత్తుకోమంటుంది, ఊరికే పడిపోతుంది, మనమేమో మోకాళ్ళ వల్లేలే అనుకుంటాం. అలాంటప్పుడు మెడ వంచి, వెనక్కి వాల్చి తీసే ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐ అడగాలి, కాకపోతే ఆ వంచడం కూడా డాక్టర్ చెప్పినట్టే, ఎవరూ బలవంతంగా వంచకూడదు. కాళ్ళు పట్టు తప్పేదాకా ఆగడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే దెబ్బతిన్న వెన్నుపాము ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా కోలుకుంటుందని చెప్పలేం.

ఆపరేషన్‌లో జారే పూసల్ని కలిపేస్తారు, అవసరమైతే పుర్రెతో కూడా కలుపుతారు. మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష: శ్వాసనాళం ఇరుగ్గా, వంకరగా ఉంటుంది, మెడ కదపకుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో దారి వెతుక్కుంటూ ట్యూబ్ వేయాల్సి రావచ్చు. పిల్లని బోర్లా తిప్పేటప్పుడు కూడా తలని ఒకరు పట్టుకునే ఉండాలి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వెన్నుపాములో సిగ్నల్స్ నడుస్తున్నాయా లేదా అని మెషిన్‌లో చూస్తూనే ఉంటారు. ఎముక అతుక్కునేదాకా కొంతమందికి మెడ కదలకుండా తల చుట్టూ హేలో రింగ్ అనే చట్రాన్ని పుర్రెకి పిన్నులతో బిగిస్తారు, చిన్నపిల్లల పుర్రె పల్చన కాబట్టి పిన్నులు ఎక్కువ వేసి ఒక్కోదాన్నీ తక్కువ బిగిస్తారు.

ఎలోసల్ఫేస్ ఆల్ఫా అనే ఎంజైమ్ మందుకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది, వారం వారం సెలైన్‌లా ఎక్కించాలి, కానీ వంకర తిరిగిన ఎముకల్ని అది సరిచేయదు, అందుకే మెడ చెకప్‌లు ఆపకూడదు.

ఇది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జీన్ వస్తేనే వచ్చే జబ్బు, అలాంటి జంటకి ప్రతి కాన్పులో 25 శాతం రిస్క్, మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర ఇది పట్టించుకోవాల్సిన విషయం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల పాలసీ కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధులకి ఒక సెంటర్‌గా ఉన్నాయి. మోకాలికో హెర్నియాకో ఆపరేషన్ అన్నా సరే, మత్తు డాక్టర్‌కి మోర్కియో అని చెప్పి మెడ స్కాన్ చేతిలో పెట్టండి.